హంతకుడు విడిపించిన నిందితులు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ ప్లీడరు గారు క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసినంత కాలం రాత్రి భోజనం అయ్యాక ఒక డిటెక్టివ్ నవల పట్టుకునేవారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు ఆయన బీరువాలో ఒక అర మొత్తం కాపురముండేవారు. పొద్దస్తమానం కోర్టులో చూసేది చాలదా అని ఇంట్లోవాళ్లు అడిగితే, ఈ పుస్తకాల్లోనైనా అసలువాడు దొరుకుతాడు కదా అనేవారట. ఆయన నవ్వుతూ అన్న మాటే అయినా, ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ అసలువాడు దొరకని పుస్తకాల గురించి. అంటే నిజంగా జరిగిన, తేలకుండా ఉండిపోయిన హత్యల గురించి రాసిన పుస్తకాలు.

ఇప్పుడు ఇవి విపరీతంగా చదువుతున్నారు. చదవనివాళ్లు పాడ్‌కాస్టుల్లో వింటున్నారు, ఓటీటీలో చూస్తున్నారు. హత్యల మీద ఆసక్తి అనారోగ్యం అని కొట్టిపారేసే పెద్దమనుషులతో నాకు పేచీ లేదు గానీ, అంగీకారం కూడా లేదు. హరికథలో కీచకవధ ఘట్టానికి జనం ముందుకు జరిగి కూర్చునేవారు, దాన్ని ఎవరూ జబ్బు అనలేదు. చదవడంలో తప్పేమీ లేదు. చదువుతున్నప్పుడు మన బుర్ర ఏం చేస్తుందన్నదే నా ప్రశ్న. దానికి ఒక్క కేసు తీసుకుంటాను. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరం చుట్టూ ఉన్న కొండల్లో 1968 నుంచి 1985 దాకా జరిగిన ఎనిమిది జంట హత్యలు, పదహారు ప్రాణాలు. అక్కడివాళ్లు ఆ హంతకుణ్ణి ‘మోస్త్రో’ అన్నారు, రాక్షసుడని.

ఆ దేశంలో పెళ్లికాని కుర్రకారు చాలామంది తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటారు. ప్రేమించుకున్నవాళ్లకు ఏకాంతం దొరికేది కారులోనే. ఆలివ్ తోటల మధ్య, ద్రాక్ష తోటల పక్కన మట్టిరోడ్డు మీద కారు ఆపుకుని కూర్చుంటారు. అలా కూర్చున్న జంటలను చీకటి రాత్రులు చూసి, ఎక్కువగా వారాంతాల్లో, ఒకడు వచ్చి కాల్చి చంపేవాడు. అన్నిసార్లూ అదే పాయింట్ 22 బెరెట్టా పిస్తోలు. అన్నిసార్లూ విన్‌చెస్టర్ తూటాలు, వాటి అడుగున హెచ్ అనే అక్షరం. 1981 నుంచి అమ్మాయిల శరీరాలను కత్తితో కోయడం కూడా మొదలుపెట్టాడు. దాని వివరాలు నేను చెప్పను. పుస్తకాల్లో ఉన్నాయి, కావలసినంత కంటే ఎక్కువే ఉన్నాయి.

మొదటి హత్య 1968 ఆగస్టులో, సీన్యా అనే ఊరి దగ్గర. పెళ్లయిన ఒకావిడ, ఆమె ప్రియుడు కారు ముందు సీట్లో చనిపోయారు. వెనక సీట్లో ఆమె ఆరేళ్ల కొడుకు నిద్రపోతున్నాడు. రాత్రి రెండు గంటలప్పుడు ఆ పిల్లాడు రెండు కిలోమీటర్ల అవతల ఒక ఇంటి తలుపు తట్టాడు. చీకట్లో తనే నడిచి వెళ్లాడా, ఎవరైనా దింపి వెళ్లారా అన్నది ఈనాటికీ తేలలేదు. భర్త ఒప్పుకున్నాడు, కాదన్నాడు, ఇంకొకరి పేరు చెప్పాడు, మళ్లీ మార్చాడు. 1970లో పధ్నాలుగేళ్ల శిక్ష పడింది. పిస్తోలు దొరకలేదు. అక్కడితో అది మామూలు అక్రమ సంబంధం హత్య. మన పత్రికల్లో అయితే జిల్లా పేజీలో రెండు కాలాల వార్త.

1974లో బోర్గో సాన్ లొరెన్సో దగ్గర ఇంకో జంట చనిపోయారు. రెంటికీ లంకె ఉందని ఎవరికీ తట్టలేదు. 1981 జూన్‌లో స్కాందిచ్చి దగ్గర మూడోది జరిగింది. ఆ ఆదివారం లా నాత్సియోనె పత్రికలో క్రైమ్ డ్యూటీ మారియో స్పెట్సి అనే విలేఖరికి పడింది. ఆ తర్వాత ఆయన జీవితమంతా ఆ డ్యూటీ దిగలేదు. ఘటనా స్థలానికి వెళ్తే తాడు కట్టినవాడు లేడు, ఆపినవాడు లేడు, కారు దాకా నడుచుకుంటూ వెళ్లిపోయానని రాశాడు. మనకు ఇది కొత్త కాదు. మన ఊళ్లలో పోలీసుల కంటే ముందు సర్పంచి, సర్పంచి కంటే ముందు కుర్రాళ్ల సెల్‌ఫోన్లు చేరుకుంటాయి.

ఆ జూన్ హత్యకు పోలీసులు ఒక మనిషిని పట్టుకున్నారు. అంబులెన్సు నడిపేవాడు, రాత్రిళ్లు తోటల్లో జంటలను దొంగచాటుగా చూడడం అలవాటున్నవాడు. హత్య వివరాలు పత్రికల్లో రాకముందే మాట్లాడాడని పట్టుకున్నారు. అనుమానం సహేతుకమే. జైల్లో పెట్టారు. అక్టోబరులో కలెన్జానో దగ్గర మళ్లీ ఒక జంట చనిపోయింది, అదే పిస్తోలు. ఆ రాత్రి ఇతను కటకటాల వెనక ఉన్నాడు. వదిలేశారు.

1982 జూన్‌లో బక్కయానో దగ్గర అయిదో హత్య. ఈసారి కుర్రాడు కొన ఊపిరితో ఉండగా కారు వెనక్కి నడిపి తప్పించుకోబోయాడు, చక్రాలు రోడ్డు పక్క గుంటలో దిగబడ్డాయి. ఆసుపత్రిలో మాట లేకుండానే చనిపోయాడు. సిల్వియా దెల్లా మోనికా అనే మహిళా ప్రాసిక్యూటరు విలేఖరులను పిలిచి, చనిపోయేముందు అతను ఏదో చెప్పాడని రాయమని కోరింది. హంతకుడు కంగారుపడి ఏదైనా తప్పు చేస్తాడని ఎత్తు వేసింది. విలేఖరులు రాశారు. దర్యాప్తు అధికారికీ పత్రికకూ మధ్య ఉండాల్సిన గీత ఆ రోజు కొంత చెరిగిపోయింది. అటుపైన ఆ కేసులో ఆ గీత ఎక్కడుందో నేను పోల్చుకోలేకపోయాను.

ఆ వేసవిలోనే 1968 కేసు గుర్తుకొచ్చింది. ఎవరికి, ఎలా గుర్తొచ్చిందన్న దాని మీద రెండు కథలున్నాయి. ఒక పోలీసు ఉద్యోగికి పాత జ్ఞాపకం వచ్చిందని ఒకటి, ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందని ఇంకొకటి. ఏదైతేనేం, పాత ఫైలు తీశారు. తీర్పు ఎప్పుడో అయిపోయిన కేసు. అందులో ఉండకూడని వస్తువులు అందులో ఉండిపోయాయి: ఆ రాత్రి కారు దగ్గర ఏరిన ఖాళీ తూటాలు. సూక్ష్మదర్శిని కింద పెడితే పిస్తోలు పిన్ను కొట్టిన గుర్తు సరిగ్గా సరిపోయింది. పధ్నాలుగేళ్ల పాటు ఒక గుమస్తా బద్ధకమో, మతిమరుపో ఆ కేసులోకెల్లా గట్టి సాక్ష్యాన్ని కాపాడింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను కళ్లకద్దుకునే వస్తువులు ఏవైనా ఉంటే అవి ఆ తూటాలే. వాటిని ఎవరూ ఊహించలేదు, ఎవరూ అల్లలేదు, ఏ సిద్ధాంతానికీ అవి అవసరపడి పుట్టలేదు.

అయితే వాటి అర్థం వెంటనే పక్కదారి పట్టింది. 1968 హతురాలికి సార్డీనియా దీవి నుంచి వలస వచ్చిన అన్నదమ్ములతో సంబంధాలుండేవి. పిస్తోలు వాళ్లలో ఎవరి దగ్గరో ఉండాలన్నారు. ఆలోచన మంచిదే. వాళ్లలో ఒకతన్ని 1982లో పట్టుకున్నారు. 1983 సెప్టెంబరులో జోగోలి అనే చోట ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో నిద్రపోతున్న ఇద్దరు జర్మన్ కుర్రాళ్లను అదే పిస్తోలుతో కాల్చారు. ఒకడికి పొడవాటి జుట్టు ఉండటంతో హంతకుడు ఆడపిల్ల అనుకున్నాడన్నది అందరూ ఒప్పుకునే ఊహ. నిందితుడు అప్పుడు జైల్లో ఉన్నాడు. వదల్లేదు. 1984 జనవరిలో 1968 నాటి భర్త తమ్ముణ్ణీ బావమరిదినీ కూడా లోపల వేశారు. జులైలో వికియో దగ్గర మళ్లీ ఒక జంట. ముగ్గురూ జైల్లోనే ఉన్నారు. ఆ తర్వాత ముగ్గుర్నీ వదిలారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. నేను ఈ ఊరు దాకా వచ్చింది ఈ సంగతి చెప్పడానికే. నలుగురు మనుషులు ఆ హత్యలు చేయలేదని తేలింది. ఎలా తేలింది? న్యాయవాది వాదన వల్లనా? కొత్త సాక్ష్యం వల్లనా? న్యాయమూర్తి వివేకం వల్లనా? ఏదీ కాదు. ఇంకో ఆరుగురు చనిపోవడం వల్ల తేలింది. దర్యాప్తు తనంతట తానుగా తన తప్పు ఒక్కసారి కూడా కనిపెట్టలేదు. ప్రతిసారీ అసలు హంతకుడే తుపాకీతో వచ్చి, వీడు కాదురా నేను అని చెప్పి వెళ్లాడు.

1985 సెప్టెంబరులో స్కోపెతి అడవి అంచున డేరా వేసుకున్న ఒక ఫ్రెంచి జంటను చంపాడు. ఆ తర్వాత సిల్వియా దెల్లా మోనికా పేరున ఒక కవరు వచ్చింది. అందులో హతురాలి శరీరంలోంచి కోసిన ముక్క. చిరునామా పత్రికల్లోంచి కత్తిరించిన అక్షరాలతో అతికించి ఉంది. రిపబ్లికా అన్న మాటలో ఉండాల్సిన రెండు ‘బి’లలో ఒకటి లేదు. చదువు తక్కువవాడని కొందరు, కావాలనే తప్పు రాశాడని కొందరు ఆ ఒక్క అక్షరం మీద ఎన్ని పేజీలు రాశారో!

అదే ఆఖరు. మళ్లీ హత్య జరగలేదు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. గోడల మీద ‘పిల్లలూ, జాగ్రత్త’ అనే అర్థం వచ్చే పోస్టర్లు వెలిసిపోయాయి. కానీ దాంతోపాటు ఇంకొకటి కూడా ఆగిపోయిందని అప్పటికి ఎవరూ గమనించలేదు. ఇకమీదట పోలీసులు ఎవరిని పట్టుకున్నా, కాదని చెప్పడానికి తుపాకీ పేలదు. ఎంత బలహీనమైన కథ అయినా కోర్టు దాకా నడిచి వెళ్లగలదు.

ఆ కథ పేరు పియెత్రో పచ్చాని. 1925లో వికియోలో పుట్టిన కౌలు రైతు. మంచివాడని నేను చెప్పబోవడం లేదు. 1951లో తాను పెళ్లాడదామనుకున్న పిల్లతో ఉన్నవాణ్ణి పొడిచి చంపి శిక్ష అనుభవించాడు. కన్నకూతుళ్లనే చెరిచిన నేరానికి 1987లో మళ్లీ జైలుకు పోయాడు. ఇలాంటివాడు బోనులో నిలబడితే చూసేవాళ్లకు సగం సాక్ష్యం అక్కడే దొరుకుతుంది. స్పెట్సి తర్వాత ప్రెస్టన్ అనే అమెరికన్ రచయితతో కలిసి రాసిన పుస్తకం ప్రకారం ఆ కేసులో దాదాపు లక్షమంది మగవాళ్లను పోలీసులు పరిశీలించారు. కంప్యూటరులో జల్లెడ పట్టగా మిగిలిన పేర్లలో ఇదొకటి. అప్పటికి ప్రత్యేక దళానికి అధిపతి రుజ్జెరో పెరుజీని, అమెరికాలో ఎఫ్‌బీఐ దగ్గర శిక్షణ పొందినవాడు. 1951లో ఆ ప్రియుడితో ఉన్న పిల్లను చూసి పచ్చానికి కలిగిన కోపమే ముప్పయ్యేళ్ల తర్వాత ఈ హత్యలుగా మారిందన్నాడు. అంతటితో ఆగక, బొత్తిచెల్లి గీసిన ‘ప్రిమవేరా’ బొమ్మలో ఒక వనకన్య నోట్లోంచి పూలు రావడానికీ, ఒక హతురాలి నోట్లో గొలుసు ఉండడానికీ పోలిక చూశాడు. ఫ్లోరెన్స్‌లో ఉద్యోగం చేస్తే ఇలాంటి ప్రమాదముంది మరి, ప్రతి వీధిలోనూ ఒక బొమ్మ ఉంటుంది.

పచ్చాని ఇంట్లో ఒక చిత్రం దొరికింది. అస్థిపంజరాలు, కత్తులు, ఏవో వింత రూపాలు, కింద అతని సంతకం. హంతకుడి మనసు కాగితం మీదికి వచ్చిందని నిపుణులు విశ్లేషించారు. తీరా చూస్తే అది క్రిస్తియన్ ఒలివారెస్ అనే చిలీ దేశపు చిత్రకారుడి బొమ్మ. పచ్చాని దానికి రంగులు వేసుకుని తన పేరు రాసుకున్నాడు. మనోవిశ్లేషణ అంతా నిజానికి ఒలివారెస్ గారికి చెందాలి.

1992 ఏప్రిల్‌లో మెర్కతాలెలోని అతని ఇంటినీ తోటనూ పన్నెండు రోజులు తవ్వారు. ఆ సోదాలో ద్రాక్షపందిరి సిమెంటు స్తంభం రంధ్రంలో ఒక తూటా దొరికింది. పాయింట్ 22 విన్‌చెస్టర్, హెచ్ అక్షరం, పేల్చనిది. ఈ హాలులో న్యాయవాదులు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల ముఖాల్లో చిరునవ్వు కనిపిస్తోంది. మన దగ్గర దీన్ని రికవరీ అంటాం. పోలీసుల ఎదుట ఒప్పుకోలు చెల్లదని పాత సాక్ష్యాధార చట్టం చెప్పింది. అయితే ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే అంతవరకూ చెల్లుతుందని 27వ సెక్షను తలుపు తీసింది. అప్పటినుంచీ మన పొలాల్లో, పాడుబడ్డ బావుల్లో, గడ్డివాముల్లో కత్తులు దొరుకుతూనే ఉన్నాయి. మధ్యవర్తుల నివేదికలో ఇద్దరు సంతకం పెడతారు. క్రాసులో వాళ్లలో ఒకాయన ఆ పొలం ఎటువైపుందో చెప్పలేడు. ఇటలీలో చట్టం వేరే గానీ, వెతుకులాటలో అవసరమైన చోట అవసరమైన వస్తువు దొరికినప్పుడు కలిగే దురద అక్కడా ఇక్కడా ఒక్కటే. అది అక్కడ పెట్టారని నేను చెప్పలేను. ఎవరూ నిరూపించలేదు. ఆ తూటాను 1968 ఫైలులోని ఖాళీ తూటాల పక్కన పెట్టి చూడమని మాత్రమే అంటాను. వాటిని ఎవరూ వెతకలేదు. దీనికోసం ఇల్లూ తోటా తవ్వారు.

1994లో విచారణ జరిగింది. టీవీలో చూపించారు, దేశమంతా చూసింది. అమెరికన్ నవలాకారుడు థామస్ హారిస్ వచ్చి కూర్చుని నోట్సు రాసుకున్నాడు, 1999లో వచ్చిన ‘హానిబాల్’ నవలకు ఫ్లోరెన్స్ అలా అబ్బింది. నవంబరు 1న ఏడు జంట హత్యలకు పచ్చానికి యావజ్జీవం పడింది. అప్పీలులో ఒక అపురూపమైన సంగతి జరిగింది. పియెరో తోనీ అనే ప్రాసిక్యూటరు, శిక్ష నిలబెట్టమని వాదించాల్సినవాడు, ఇందులో సాక్ష్యం లేదు, వదిలేయండి అని లేచి చెప్పాడు. 1996 ఫిబ్రవరిలో ఫ్రాంచెస్కో ఫెర్రి అధ్యక్షుడుగా ఉన్న కోర్టు వదిలేసింది. తీర్పు చెప్పబోయే వేళకు కొత్త సాక్షులు నలుగురున్నారని ప్రాసిక్యూషన్ వైపు నుంచి వచ్చారు. పేర్లు చెప్పలేదు, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అన్నారు. కోర్టు వినలేదు. వినకపోవడం తప్పని అదే డిసెంబరులో పైకోర్టు ఆ తీర్పును రద్దుచేసి మళ్లీ విచారించమంది. ఆ విచారణ మొదలయ్యేలోపే, 1998 ఫిబ్రవరిలో, పచ్చాని చనిపోయాడు. ఫెర్రి పదవిలోంచి వెళ్లిపోయి ఈ కేసు మీద పుస్తకం రాశాడు. పేరులోనే మంజోనీ రచనను గుర్తుచేశాడు. 1630 నాటి మిలాన్ ప్లేగులో, గోడలకు విషం పూస్తున్నారని అమాయకులను చిత్రహింస పెట్టి ఒప్పించిన వృత్తాంతం అది. తన దేశపు పోలీసులకు ఒక న్యాయమూర్తి ఆ పోలిక కట్టడం చిన్న విషయం కాదు.

ఆ గ్రీకు అక్షరాల సాక్షుల్లో ఒకడు జంకార్లో లొత్తి. పచ్చానితోనూ, మారియో వాన్ని అనే మాజీ పోస్టుమ్యానుతోనూ కలిసి తాగి తిరిగేవాడు. హత్యలు తామే చేశామని ఒప్పుకున్నాడు. అతని కథనం ఒకచోట కుదిరితే ఇంకోచోట కుదరదు. 1998లో వాన్నికి యావజ్జీవం, లొత్తికి ముప్పయ్యేళ్లు పడ్డాయి, లొత్తికి అప్పీలులో కొంత తగ్గింది. అవీ నాలుగు జంట హత్యలకే. కాబట్టి ఇటలీ రికార్డుల్లో ఈ కేసు సగం తేలింది. చదివిన ఎవరికీ తేలలేదు.

ఫ్లోరెన్స్ పోలీసుల నేర విభాగానికి 1995లో మికెలె జుత్తారి వచ్చాడు. ఈ ముసలి తాగుబోతులు ఇంత పని సొంతంగా చేసి ఉండరని ఆయనకూ అనిపించింది. అంతవరకూ నాకూ అనిపిస్తుంది. అయితే అక్కడినుంచి నేను లొత్తి మాట అబద్ధమేమోనని అటు వెళ్తాను. ఆయన ఇటు వెళ్లాడు: వీళ్ల వెనక పెద్దమనుషులున్నారు, తాంత్రిక కూటమి ఉంది, శరీర భాగాలు వాళ్ల పూజలకోసం కొన్నారు. కలెన్జానో హత్యాస్థలం దగ్గర దొరికిన ఒక రాతి పిరమిడ్‌ను దానికి సాక్ష్యంగా చూపించారు. స్పెట్సి పల్లెల్లో తిరిగి కనుక్కుంటే, అలాంటి రాయి తస్కనీ రైతుల ఇళ్లలో తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుపెట్టేది. మన నిమ్మకాయలూ పసుపు ముగ్గులూ గుర్తొస్తున్నాయా? ఎక్కడ శవం దొరికినా, దగ్గర్లో ఒక కొబ్బరిచిప్ప ఉంటే మర్నాటి పేపర్లో అది క్షుద్రపూజ. తలుపురాయి చెప్పే కథ కంటే తాంత్రిక పిరమిడ్ చెప్పే కథ పెద్దది కదా. పెరూజా ప్రాసిక్యూటరు జులియానో మిన్యీని ఆ దారిలోనే 1985లో త్రసిమేనో సరస్సులో శవమై తేలిన ఒక వైద్యుడి కేసును తిరగదోడి, 2002లో సమాధి తవ్వించాడు. హత్యలు చేయించాడని ఆరోపణ ఎదుర్కొన్న ఒక మందుల దుకాణం యజమానిని 2008లో కోర్టు నిర్దోషి అంది. ఈ మిన్యీనియే తర్వాత అమాండా నాక్స్ మీద కేసు నడిపినవాడు. ఆమెను ఇటలీ సర్వోన్నత న్యాయస్థానం 2015లో వదిలేసింది.

ఇప్పుడు పుస్తకం దగ్గరికి వద్దాం. డగ్లస్ ప్రెస్టన్ అమెరికన్ థ్రిల్లర్ రచయిత. 2000లో కుటుంబంతో ఫ్లోరెన్స్ వచ్చాడు. అద్దెకు తీసుకున్న ఇంటి పక్క ఆలివ్ తోటే జర్మన్ కుర్రాళ్లు చనిపోయిన చోటని స్పెట్సి చెప్పాడు. రాద్దామనుకున్న నవల అటక ఎక్కింది. ఇద్దరూ కలిసి ఈ కేసు మీద పుస్తకం మొదలుపెట్టారు. 2004లో స్పెట్సి ఇల్లు సోదా చేశారు. 2006 ఫిబ్రవరిలో ప్రెస్టన్‌ను మిన్యీని పిలిపించి ప్రశ్నించాడు, ఆయన ఇటలీ వదిలి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో స్పెట్సిని అరెస్టు చేశారు. తప్పుడు సాక్ష్యం పుట్టించి దర్యాప్తును దారి మళ్లించాడన్నారు, ఆ వైద్యుడి మరణంలో కూడా చెయ్యుందన్నారు. ఇరవై మూడు రోజులు జైల్లో ఉన్నాడు. పాతికేళ్లు ఆ కేసు రాసిన విలేఖరి ఆ కేసులోనే ముద్దాయి. ఇటాలియన్ పుస్తకం ఆ నెలలోనే వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం 2008లో వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. స్పెట్సి 2016లో చనిపోయాడు.

చదువుతుంటే రక్తం ఉడుకుతుంది. రచయితల పక్షాన నిలబడతాం. సరిగ్గా అక్కడే ఈ పుస్తకం నన్ను ఇబ్బంది పెట్టింది. పెరుజీని కథ అల్లాడని నవ్విన రచయితలు, జుత్తారి రాయిని పిరమిడ్ చేశాడని నవ్విన రచయితలు, తామూ ఒక మనిషిని వెతికిపెట్టారు. సార్డీనియా కుటుంబంలో ఒకడు. 1989లో ఎఫ్‌బీఐ రాసిచ్చిన వర్ణనలో హంతకుడు ఒంటరివాడని ఉంది, ఇతనికి సరిపోతుందన్నారు. 1974లో ఆ ఇంట్లో దొంగతనం జరిగిందని ఫిర్యాదు ఉంది, పిస్తోలు అప్పుడే చేతులు మారి ఉంటుందన్నారు. అతని ఇంటికి వెళ్లి మొహం మీదే అడిగారు. అతను కాదన్నాడు. పేరు పుస్తకంలో వేశారు. ఆ మనిషి మీద ఆ హత్యలకు ఎప్పుడూ చార్జిషీటు లేదు. అందుకే నేను ఈ వేదిక మీద ఆ పేరు పలకను.

వాళ్ల వాదన మిగతా అన్ని వాదనల కంటే బాగుంది. ఆ సంగతి ఒప్పుకోవాలి. పిస్తోలు 1968 నుంచి బయల్దేరాలి కదా, వాళ్లు అక్కడినుంచే బయల్దేరారు. కానీ బాగుండడం వేరు, రుజువవడం వేరు. పచ్చాని మీద వాదన కూడా 1994లో టీవీ చూసినవాళ్లకు బాగానే ఉంది. పోలీసు చేతిలో జైలు ఉంది, రచయిత చేతిలో అది లేదు, ఆ తేడా పెద్దదే. అయినా పని జరిగిన తీరు ఒకటే: ముందు మనిషి, తర్వాత అతని చుట్టూ వస్తువులు.

రచయితను అంటున్నాను గానీ, వాళ్ల చేత ఆ పేరు రాయించింది మనం. పేరు లేకుండా నాలుగొందల పేజీల పుస్తకం అచ్చువేస్తే ఎంతమంది కొంటారు? యుగంధర్ ఆఖరి అధ్యాయంలో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి వేలు చూపించాలి. అలా చూపిస్తాడనే నమ్మకంతోనే మనం మధ్య అధ్యాయాలు ఓర్చుకుంటాం. నవలలో ఆ ఒప్పందం న్యాయమైనదే, నవలలో ముద్దాయికి పిల్లల స్కూలు ఉండదు, ఇరుగుపొరుగు ఉండరు. నిజం కేసు చదివేటప్పుడు కూడా మనం అదే ఒప్పందం కింద కూర్చుంటే, అవతల నిలబడేది కన్నూ ముక్కూ ఉన్న మనిషి. 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో స్తెఫానో సొల్లిమా సిరీస్ ‘ఇల్ మోస్త్రో’ వచ్చాక కొత్త తరం మళ్లీ వేళ్లు చూపించడం మొదలుపెట్టింది.

మన దగ్గర కూడా ఒకటి చెప్పాలి, చెప్పకపోతే పరాయి దేశం మీద తీర్పులిచ్చి లేచిపోయినట్టవుతుంది. ఇది వరుస హత్య కాదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపారు. తర్వాతి ఏడాది ఒక పేద కుర్రాణ్ణి పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లే అతను కాదని మొదటినుంచీ చెబుతూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా లోపలే ఉన్నాడు. తర్వాత సీబీఐకి కేసు ఇచ్చారు. విజయవాడ కోర్టులో ఉండాల్సిన పాత సాక్ష్యాలు ధ్వంసమైపోయాయని తేలింది. దాని మీద కోర్టు సిబ్బంది పైన వేరే కేసు పెట్టారు. సీన్యా హత్య ఫైలులో తూటాలు పొరపాటున మిగిలాయి. మన ఫైలులో మిగలాల్సినవి పోయాయి. 2019 డిసెంబరులో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. ఈ కేసు మీద మన టీవీల్లో ఎన్ని పేర్లు తిరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రికార్డు గది గురించి ఎన్ని చర్చలు జరిగాయో కూడా మీకు తెలుసు.

అందుకని నాకు ఈ పుస్తకాల్లో ఇప్పుడు ముద్దాయిల అధ్యాయాల కంటే సామాన్లు, తేదీలు, గంటలు ఉన్న పేజీలే రుచిస్తున్నాయి. ఒక ఉదాహరణ చెప్పి కూర్చుంటాను.

స్కోపెతి దగ్గర ఫ్రెంచి జంట శవాలను 1985 సెప్టెంబరు 9 సోమవారం పుట్టగొడుగులు ఏరుకునే ఒకాయన చూశాడు. ముందురోజు రాత్రి, అంటే ఆదివారం చనిపోయారని అధికారులు లెక్కకట్టారు. వాన్ని మీద కేసు, లొత్తి సాక్ష్యం అంతా ఆ ఆదివారం రాత్రి మీదే నిలబడింది: ఆ రాత్రి నేనక్కడ ఉన్నాను, చూశాను అన్నాడు లొత్తి. చాలా ఏళ్ల తర్వాత కీటకాలను చదివే ఫోరెన్సిక్ నిపుణులు ఆనాటి ఫోటోలు తీసి చూశారు. శవం మీద ఈగల పురుగులు ఎంత పెరిగాయో ఫోటోలో కనిపిస్తుంది. గుడ్డు పెట్టాలి, అది పొదగాలి, పురుగు అంత అవాలి. ఒక్క రాత్రిలో అంత కావన్నారు. శుక్రవారం గానీ, మరీ ఆలస్యమైతే శనివారం గానీ చనిపోయి ఉండాలన్నారు. శుక్రవారమే అయితే, ఆదివారం రాత్రి లొత్తి చూసినదేమిటి? ఆ ఫోటోలు 1985 నుంచీ ఫైలులోనే ఉన్నాయి. పచ్చాని విచారణ జరిగినప్పుడు ఉన్నాయి. వాన్నికి యావజ్జీవం పడ్డప్పుడూ ఉన్నాయి. లొత్తి 2002లో, వాన్ని 2009లో చనిపోయారు.